‘అండర్‌టేక్’ శబ్దార్థ విచారము

ఆంగ్లమున ‘అండర్‌టేక్’ అను క్రియకు కార్యాలయ పత్రములలో తరచుగా కనబడు తెలుగు ‘చేపట్టు’ అనునది. వంతెన నిర్మాణమును చేపట్టిరి అన్నచోట నిది చాలును. కక్షిదారు న్యాయస్థానమునకు ‘అండర్‌టేకింగ్’ ఇచ్చె నన్నచోట చాలదు. 1971 నాటి న్యాయస్థాన ధిక్కార చట్టము ప్రకారము అట్టి మాటను బుద్ధిపూర్వకముగా మీరుట సివిల్ ధిక్కారము. అవసరమైనచో ఆరు నెలల వరకు సివిల్ కారాగార నిర్బంధమునకును అవకాశము కలదు. ‘చేపట్టెదను’ అని వ్రాసి సంతకము చేసినవానికి ఈ బంధము స్ఫురింపదు.

కార్యారంభము, మాటకు కట్టుబడుట అను రెండర్థములును ఆంగ్లమున నొక్క శబ్దమున నిమిడియున్నవి. పాణిని వీనిని వేర్వేరు ధాతువుల యందు చూపెను. ప్ర, ఉప అను ఉపసర్గలతో కూడిన క్రమ ధాతువునకు ఆరంభార్థమున ఆత్మనేపదము. ప్రతిపూర్వకమైన జ్ఞా ధాతువునకు స్మరణ మర్థము కానపుడు ఆత్మనేపదము. ఉపక్రమము వేరు, ప్రతిజ్ఞ వేరు.

ఆంగ్లశబ్దము అవయవార్థమున ‘క్రింద తీసికొనుట’. తెలుగువాడు భారమును తలకెత్తుకొనును, భుజమున వేసికొనును; ఆంగ్లేయుడు దాని క్రింద చేయి చాచును. తెలుగున నీ శబ్దమునకు మిక్కిలి సన్నిహితమైనది ‘పూను’ ధాతువు. ఎద్దులను కాడికి పూన్చుదురు. తానై మెడ నొగ్గుట పూనుకొనుట. ‘పూనిక’యందు ప్రయత్నమును వ్రతమును గూడ కలవు. ‘కంకణము కట్టుకొను’ అనుటయు దీక్షనుండి వచ్చినదే. ‘ఒడిగట్టు’ మాత్రము నేడు ద్రోహమునకే చెల్లును. సత్కార్యమునకు వాడినచో నవ్వుదురు.

‘అండర్‌టేకర్’ చరిత్ర విచిత్రము. 17వ శతాబ్ది ప్రారంభమున ఐర్లండులోని అల్‌స్టరున భూములు పొంది, అందు ఇంగ్లండు, స్కాట్లండు వారిని నివసింపజేయ నొప్పుకొన్నవారి కిది పేరు. తరువాత శవసంస్కారపు టేర్పాట్లు వృత్తిగా గలవానియందు రూఢమయ్యెను. నిశ్చయార్థకమైన ‘వ్యవసాయ’ శబ్దము తెలుగున సేద్యమైనట్లే! ‘పబ్లిక్ సెక్టార్ అండర్‌టేకింగ్’ అన్నపుడు అర్థము సంస్థ మాత్రమే. అచట పూనికను వెదకుట వ్యర్థము.

ఇక న్యాయస్థాన పత్రమునకు ‘హామీపత్రము’ అని కొందరు వ్రాయుదురు. అది సరికాదు. 1872 నాటి ఒడంబడికల చట్టమున హామీ యనగా పరుని బాధ్యతకు పూచీపడుట, అందు ముగ్గురుందురు. ఇచట ఒకడు తనకు తానే కట్టుబడుచున్నాడు. ‘ప్రతిజ్ఞాపత్రము’ అనుట మేలు. బడిలో ప్రతిదినము ప్రతిజ్ఞ చేసినవారికి ఆ మాట క్రొత్తది కాదు.