తపతి తీరాన నేల కింది చమురు
తపతి నది తెచ్చి పోసిన ఒండ్రు, ఇసుక పొరల మీద సూరత్ నగరం నిలిచి ఉన్నందువల్ల, అక్కడ మూతపడిన పెట్రోలు బంకు ట్యాంకు నుంచి ఇంధనం కారితే, అది ఇసుకలోంచి సులువుగా దిగి, నీటికంటే తేలిక కనుక భూగర్భ జలంపై తెట్టులా తేలుతుంది. ట్యాంకును తవ్వి తీసినంత మాత్రాన అది పోదు. వానలకు నీటిమట్టం పెరిగి వేసవిలో తగ్గే కొద్దీ చమురు పైకీ కిందికీ మట్టికి పులుముకుంటుంది కాబట్టి, ఒక్కసారి చేసిన పరీక్షను నమ్మరాదు. పరిశీలక బావుల్లో, అంటే రంధ్రాల గొట్టం దింపిన సన్నని బోర్లలో, తెట్టు మందం కొలిచి, నిలవ నీరు తోడేశాక ఊరిన నీటిని సీసా నిండా బుడగైనా లేకుండా పట్టి చల్లగా ప్రయోగశాలకు పంపుతారు. కాస్త గాలి మిగిలినా ఇంధనంలోని బెంజీన్ అందులోకి ఆవిరై, లెక్క తక్కువ చూపుతుంది. క్యాన్సర్ కారకమైన ఈ బెంజీన్‌కు తాగునీటిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు లీటరుకు 10 మైక్రోగ్రాములు కాగా, దాని వాసన ముక్కుకు తెలిసేది అంతకు ఎన్నో రెట్లు ఎక్కువగా ఉన్నప్పుడే.