సమగ్ర సేకరణమా? పురోగమనమా?

ఏ పని చేపట్టినా మనిషికి రెండు కోరికలు ఒకేసారి కలుగుతూ ఉంటాయి. ఉన్నచోట దొరికేదంతా మిగల్చకుండా కూర్చుకొనవలెనన్నది ఒకటి. ఆలస్యం చేయక తర్వాతి మజిలీకి చేరవలెనన్నది రెండవది. ఈ రెండింటి మధ్య గల పోరును నేటి విద్యార్థులకు తేలికగా బోధపరిచే సాధనం వీడియో ఆటల్లో ఒకటి ఉన్నది. అదే వింతప్రాణులను పట్టే ఆట. ఆ ఆటలో తలెత్తే ప్రశ్నయే మన పటాన్‌చెరులోని ఒక అంతర్జాతీయ పరిశోధనాలయంలో మరొక రూపంలో శాస్త్రజ్ఞుల ముందు నిలిచినది. ఆ రెండింటినీ పక్కపక్కన ఉంచి, వాటి నుండి మనం గ్రహించవలసినదేమిటో వివరించుట ఈ వ్యాసం ఉద్దేశం.

ఆట స్వరూపం

ఈ తరహా ఆటల్లో ప్రసిద్ధమైనది పోకెమాన్. జపాను దేశీయుడైన సతోషి తజిరి, ఆయన నెలకొల్పిన గేమ్ ఫ్రీక్ సంస్థ దీనిని రూపొందించగా, 1996 ఫిబ్రవరి 27న నింటెండో కంపెనీ వారి గేమ్ బాయ్ అనే చేతి యంత్రం కొరకు ఎరుపు, ఆకుపచ్చ అనే రెండు ప్రతులుగా విడుదలైనది. తజిరికి బాల్యంలో పురుగులను పట్టి సేకరించే సరదా మెండు. ఆ సరదాయే ఆటకు మూలమైనది.

ఆటగానికి ఆరంభంలోనే రెండు లక్ష్యాలు ఏర్పడతాయి. ఊరూరా ఉన్న ఎనిమిదిమంది నాయకులను గెలిచి చివరకు విజేతగా నిలుచుట మొదటిది. పోకెడెక్స్ అనే చిట్టాలో మొత్తం 150 ప్రాణుల వివరాలను నింపుట రెండవది. మొదటిది ముందుకు లాగుతుంది, రెండవది వెనుకకు లాగుతుంది. కనుకనే ఆటగాళ్లు రెండు తెగలుగా చీలిపోయినారు. ప్రతి అడవిలోను, ప్రతి గుహలోను ఉన్న ప్రాణులన్నింటినీ పట్టనిదే అడుగు కదపనివారు కొందరు. చేతికందిన నాలుగింటితో సాగిపోయి, మిగిలినవాటి సంగతి పిమ్మట చూసుకొందామనేవారు మరికొందరు.

ఇరుపక్షాల వాదాలు

మొదటి పక్షంవారి వాదంలో బలం లేకపోలేదు. చిట్టాలో 10 రకాలు చేరినవానికి ఆటలోని పండితుని సహాయకుడు చీకటి గుహలో వెలుగునిచ్చే విద్యను బహూకరిస్తాడు. 30 రకాలకు ఒక పరికరం, 50 రకాలకు మరొకటి లభిస్తాయి. పైగా ఏ ప్రాణి ఏ యుద్ధంలో అక్కరకు వస్తుందో ముందుగా ఎవరికీ తెలియదు.

రెండవ పక్షంవారి వాదం అంతకన్న పదునైనది. ఆటగాని వెంట నడిచేవి ఆరు ప్రాణులు మాత్రమే. తక్కినవన్నీ పెట్టెల్లో నిద్రించవలసినవే. ఆ తొలి ఆటల్లో ప్రాణిని పట్టినందువల్ల వెంట ఉన్నవాటికి అనుభవం కూడా పెరగదు. అన్నిటికంటె ముఖ్యమైన సంగతి మరొకటి కలదు. మొదటి ఊరి చెరువులో ఉన్న ప్రాణిని మొదటిరోజున పట్టుట అసాధ్యం. గాలం తర్వాతి ఊళ్లలో దొరుకుతుంది. నీటిపై ప్రయాణించే విద్య ఇంకా తర్వాత లభిస్తుంది. అనగా ఉన్నచోటును పూర్తిచేయవలెనన్నా ముందుకు సాగి, సాధనం సంపాదించి, తిరిగి రావలసినదే.

ఇక్కడ కొద్దిపాటి లెక్క చూడవలెను. ఎరుపు ప్రతిలోని విరిడియన్ అడవిలో ఎదురయ్యే ప్రాణుల్లో పికాచూ నూటికి 5. ఒక్కసారి గడ్డిలో తిరిగినప్పుడు అది ఎదురుకాకపోయే అవకాశం నూటికి 95 అన్నమాట. 14 సార్లు ప్రాణులు ఎదురైతే వాటిలో పికాచూ ఒక్కసారైనా ఉండే అవకాశం సగానికి చేరుతుంది. 60 సార్లకు అది నూటికి 95 అవుతుంది. ఆపైన మరొక 60 సార్లు తిరిగినా కొత్తగా పెరిగేది నూటికి 5 కూడా లేదు. మొదటి గంట శ్రమకు దక్కిన ఫలం రెండవ గంట శ్రమకు దక్కదు. అదే సమయంలో తర్వాతి దారిలో అడుగుపెట్టినవానికి, ఇంతవరకు కంటబడని ప్రాణులు మొదటి పది నిమిషాల్లోనే ఎదురవుతాయి.

పొలాల్లో ఇదే లెక్క

పై లెక్క ఆటకు మాత్రమే పరిమితమైనది కాదు. పంటల విత్తనాలను సేకరించే శాస్త్రజ్ఞులు ఇదే ప్రశ్నను ఎదుర్కొన్నారు. ఒక ఊరి పొలంలో వేలాది జొన్న మొక్కలు ఉంటాయి. ప్రతి మొక్క నుండి గింజ తీయుట అసాధ్యం. ఎన్ని తీసి ఆపవలెను? ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు మార్షల్, బ్రౌన్ 1975లో ఈ ప్రశ్నకు సమాధానం చెప్పినారు. నూటికి 5 పాళ్లకు మించి వ్యాపించిన జన్యు లక్షణాలు నూటికి 95 వంతుల నమ్మకంతో చేజిక్కవలెనంటే ఒక్కొక్క చోట సుమారు 50 మొక్కల నుండి గింజలు తీసిన చాలును. తీసినవెంటనే మరొక ఊరికి సాగిపోవలెను. ఒకే పొలంలో ఎక్కువ మొక్కల కంటె ఎక్కువ ఊళ్లలో కొద్ది మొక్కలు మేలన్నది వారి సిద్ధాంత సారం. కంటికి వింతగా కనబడిన మొక్క ఏదైనా ఉంటే దానిని విడిగా తీసి, విడిగా పేరు రాసుకొనుట సేకరణకర్తల ఆచారం.

1972లో పటాన్‌చెరులో నెలకొన్న ఇక్రిశాట్ సంస్థకు ఈ విద్య ప్రాణం వంటిది. జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగలతోపాటు చిరుధాన్యాల విత్తనాలు 1,20,000కు పైగా నమూనాలు, 144 దేశాల నుండి అక్కడి విత్తన నిధికి చేరినవి. దీర్ఘకాలం నిలువ ఉంచవలసిన గింజలను బాగా ఆరబెట్టి, సున్నాకు 20 డిగ్రీలు దిగువన గల శీతలంలో భద్రపరుస్తారు. నార్వేలోని స్వాల్‌బార్డ్ ద్వీపాల్లో 2008లో ప్రారంభమైన విత్తన భాండాగారంలో కూడా ఈ సంస్థ నమూనాలను దాచినది.

ఐతే ఇంత సేకరించిన తర్వాత, ఆటలోని పెట్టెల సమస్య ఇక్కడా ఎదురైనది. శనగ రకాలు ఒక్కటే సుమారు 17,000. అన్నింటినీ ఒకేసారి పొలంలో నాటి పరీక్షించుట ఎవరి తరం? అందువల్ల వాటి వైవిధ్యానికి ప్రతినిధులుగా మొదట 1,956 రకాలను, వాటి నుండి 2001లో 211 రకాలను ఉపాధ్యాయ, ఆర్టిజ్ అనే శాస్త్రజ్ఞులు ఎంపిక చేసినారు. ఈ చిన్న జట్టుతో పరిశోధన వేగంగా ముందుకు సాగుతుంది. దానిలో లేని గుణం కావలసివస్తే పెద్ద నిధి వైపు తిరిగి చూడవచ్చును. సేకరణ, పురోగమనం ఈ విధంగా ఒకదానికొకటి తోడైనవి.

అక్కరకు వచ్చిన గింజ

ఎప్పుడో సేకరించినది ఎప్పుడో ఉపకరిస్తుందనుటకు సజ్జ చక్కని ఉదాహరణ. ఆఫ్రికాలోని టోగో దేశపు ఉత్తర ప్రాంతం నుండి వచ్చిన ఒక నాటు సజ్జ నుండి పటాన్‌చెరులో ఐ.సి.టి.పి. 8203 అనే రకాన్ని రూపొందించినారు. 1988లో అది మహారాష్ట్ర, ఆంధ్రప్రదేశ్ రైతులకు విడుదలైనది. నాడు దాని పెద్ద గింజను, త్వరగా కోతకు వచ్చే గుణాన్ని చూసి మెచ్చుకొన్నారు. ఆ గింజలో ఇనుము అధికంగా ఉన్నదన్న సంగతి చాలాకాలానికి గాని ప్రాధాన్యం పొందలేదు. దానినే మరింత మెరుగుపరచగా వచ్చిన రకం 2014లో ధనశక్తి పేరున దేశమంతటికీ విడుదలైనది. రక్తహీనతకు ఆహారంలోనే మందు వెతికే ప్రయత్నానికి టోగో రైతు పొలంలోని గింజ ఆధారమైనది. ఆ రోజున దానిని సేకరించినవారు ఇనుము కొరకు సేకరించలేదు.

ఆటకు, నేలకు గల భేదం

ఇంతవరకు చూచినదాన్ని బట్టి పురోగమన పక్షానిదే పైచేయి అనిపించవచ్చును. కాని ఒక్క భేదాన్ని మరువరాదు. ఆటలోని విరిడియన్ అడవి ఆటగాని కొరకు ఎంతకాలమైనా వేచి ఉంటుంది. పదిరోజుల తర్వాత వచ్చినా, పదేళ్ల తర్వాత వచ్చినా అదే గడ్డి, అదే పికాచూ. నేల అలా వేచి ఉండదు.

మన సంగారెడ్డి, పటాన్‌చెరు ప్రాంతమే ఇందుకు సాక్ష్యం. 1970వ దశకం నుండి పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం పరిసరాల్లో కర్మాగారాలు వెలసి వేలాదిమందికి జీవనోపాధి చూపినవి. ఆ వెంటనే జొన్న చేలు షెడ్లుగాను, ఇళ్ల స్థలాలుగాను మారినవి. నక్కవాగు పొడవునా నీరు చెడి పంటలు దెబ్బతిన్న వ్యవహారం సుప్రీం కోర్టు వరకు వెళ్లినది. ఒక పొలం పోయినప్పుడు దానితోపాటు ఆ ఊరి విత్తనం, ఆ విత్తనం పేరు, దానిని వండే పద్ధతి కూడా పోతాయి. పిమ్మట ఎన్ని సాధనాలతో తిరిగి వచ్చినా అక్కడ దొరికేదేమీ ఉండదు.

అందుచేతనే ఉన్నచోటును వదలక కాపాడేవారు కూడా అవసరం. ఇదే జిల్లాలో జహీరాబాద్ చెంత పస్తాపూర్‌లో 1983లో ఏర్పడిన దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు ఆ పని చేసి చూపినవి. కొర్రలు, సామలు, తైదలు, పచ్చజొన్నలు, కందులు మొదలైన విత్తనాలను బూడిద, వేపాకు కలిపి బుట్టల్లో దాచి, ఏటేటా విత్తి, ఒకరికొకరు పంచుకొన్నారు. పాత పంటల జాతర పేరున ఎడ్లబండ్లపై ఆ విత్తనాలను ఊరూరా చూపినారు. 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం వారి ఈక్వేటర్ బహుమతి ఈ సంస్థను వరించినది. ఇక్రిశాట్ నిధి లోకమంతటి నుండి కొద్దికొద్దిగా తెచ్చుకొన్నది. పస్తాపూర్ మహిళలు తమ నేలలో ఉన్నదానిని వీలైనంతవరకు నిలుపుకొన్నారు. రెండూ ఒక్క జిల్లాలోనే ఉండుట మన అదృష్టం.

విద్యార్థులకు మనవి

దీని నుండి తేలే సూత్రం సులభమైనది. తిరిగి వచ్చినప్పుడు దొరికేదానిని వదలి ముందుకు సాగవచ్చును. తిరిగి వచ్చినప్పుడు దొరకనిదానిని ముందుగా తీసుకొనవలెను. తెలివైన ఆటగాడు చేసేదీ ఇదే. ఆ తొలి ఆటల్లో ఒకే ఒక్కసారి ఎదురయ్యే అరుదైన పక్షులు మూడు ఉన్నవి. వాటిని ఓడించి పోగొట్టుకొన్నవానికి అవి మరల కనబడవు. అందుచేత సాధారణ ప్రాణులను తర్వాతికి వదలినవాడు సైతం వాటి ముందు మాత్రం ఆగుతాడు.

పాఠ్యగ్రంథాలు వేచి ఉంటాయి. ఒక అధ్యాయం కొరుకుడు పడకపోతే దానివద్దనే మాసాలు గడపక, తర్వాతి అధ్యాయం చదివి, ఆ తెలివితో వెనుకకు రావచ్చును. కాని మన ఇళ్లలోని వృద్ధుల జ్ఞాపకం వేచి ఉండదు. ఇక్కడి తెలుగువారు పుంటికూర అనేదానిని ఉర్దూ మాట్లాడే ఇళ్లలో అంబాడా అంటారు. ఇటువంటి జంట పేర్లు పంటలకు, పనిముట్లకు, వంటకాలకు ఎన్నో ఉన్నవి. ఉభయ భాషల విద్యార్థులు కలిసి చదివే మన కళాశాలకు ఈ పని మరొకరికంటె సుకరం.

కనుక కళాశాల సంఘంవారికి ఒక సూచన. ప్రతి విద్యార్థికి ఒక్క ఊరు చొప్పున అప్పగించి, అక్కడి పెద్దల నుండి 50 పేర్లు తెలుగులోను, ఉర్దూలోను రాయించవలెను. 50 కాగానే ఆపి, పేర్ల సంఖ్య కంటె ఊళ్ల సంఖ్యను పెంచవలెను. వచ్చే సంచికలో వాటికి నాలుగు పుటలు కేటాయించినచో, పటాన్‌చెరు నుండి జహీరాబాద్ వరకు గల ఊళ్ల మాటల నిధికి పునాది పడుతుంది.