కడుపులోని కంచె



అవి మిరపకాయ కోతల రోజులు. జనవరి దాటితే మన గుంటూరు, ప్రకాశం పల్లెల్లో పగటిపూట ఇళ్ళ దగ్గర మనుషులు కనబడరు. అందరూ చేలలోనో, కల్లాలలోనో ఉంటారు. కొన్నేళ్ళ క్రితం అట్టి ఒక ఉదయాన మేము సంఘ కుటుంబాలను దర్శిస్తూ ఒక సహోదరి ఇంటికి వెళ్ళాము. కోతల కాలంలో ఒక్కరోజు కూలి కూడా వదులుకోని మనిషి, ఆ రోజు నులకమంచం మీద పడుకొని ఉన్నది. మనిషి సగమైపోయింది.

ప్రార్థన అయిన తరువాత ఆమె మా భార్యను లోపలికి పిలిచి చెప్పుకొన్నది. ఎనిమిది నెలలుగా విరేచనంలో రక్తము, జిగురు పడుతున్నాయి. రోజుకు ఏడెనిమిదిసార్లు చెంబు పట్టుకొని పోవలసి వస్తున్నది. పదిమంది కోత కోసే చేలో ఆ మాట ఎవరితో చెప్పగలదు? అందుకే కూలి మానుకొన్నది. మొలలని ఒకరు మందిచ్చారు. వేడి చేసిందని మరొకరు సూదులు వేశారు. ఏ పాపం చేసిందో అని ఇరుగుపొరుగు గుసగుసలు.

"మిరపకాయ తిని బతికేవాళ్ళం గదా అయ్యగారూ, అదే నా పేగుల్ని తినేసింది" అన్నది మాతో.

ఆమెను పెద్ద ఆసుపత్రికి తీసుకొని వెళ్ళాము. కొలనోస్కోపీ గొట్టంతో పెద్దపేగు లోపల చూసి, చిన్న ముక్క తీసి పరీక్షించి, ఇది అల్సరేటివ్ కొలైటిస్ అన్నారు. అక్కడి డాక్టరుగారు కాగితం మీద బొమ్మ గీసి మాకు ఓపికగా వివరించారు. ఆనాడు విన్నది, తరువాత చదివి తెలుసుకొన్నది మన కుటుంబాలన్నిటికీ తెలియవలసినదని తోచి ఇక్కడ వ్రాస్తున్నాము.

ఒక్క వరుస కణాలు

పేగులో దీర్ఘకాలం వాపు, పుండ్లు కలిగించే ఈ జబ్బులను ఇన్‌ఫ్లమేటరీ బవల్ డిసీజ్, క్లుప్తంగా ఐబిడి అంటారు. వీటిలో ముఖ్యమైనవి రెండు. అల్సరేటివ్ కొలైటిస్ పెద్దపేగు లోపలి పొరకు వస్తుంది. రెండవది క్రోన్స్ వ్యాధి. దీనిని 1932లో న్యూయార్కు వైద్యుడు బరిల్ క్రోన్, మరి ఇద్దరు సహచరులు కలిసి వర్ణించారు. ఇది నోటి నుండి ఆసనం వరకు ఎక్కడైనా రావచ్చు, పేగు గోడ మందమంతా దిగవచ్చు.

మన పేగు లోపల లక్షల కోట్ల సూక్ష్మజీవులు కాపురముంటాయి. వాటికీ మన శరీరానికీ మధ్య ఉన్న కంచె ఎంత మందమో తెలుసా? ఒకే ఒక్క వరుస కణాలు! వెదురు దబ్బలను పక్కపక్కన పెట్టి తాటినారతో బిగించి తడక కట్టినట్లు, ఈ కణాలు ఒకదానినొకటి గట్టిగా పట్టుకొని ఉంటాయి. వాటిలో గాబ్లెట్ కణాలనేవి జిగురు తయారుచేసి పైన పూత పూస్తాయి. పెద్దపేగులో ఆ పూత లోపలి భాగంలోకి సూక్ష్మజీవులు దాదాపుగా రాలేవు. చిన్నపేగులోని పానెత్ కణాలు క్రిములను చంపే పదార్థాలను విడుదల చేస్తాయి. అడుగున గుంటలలో ఉండే మూలకణాలు కొత్త కణాలను పుట్టిస్తూనే ఉంటాయి. అందువలన ఈ కంచె మూడు నుండి ఐదు రోజులకొకసారి దాదాపుగా కొత్తదవుతుంది.

ఇది ఉత్త కంచె కూడా కాదు. మంచె మీద కూర్చున్న కాపరివలె, ఈ కణాలు సూక్ష్మజీవుల జాడ కనిపెట్టి, లోపలి రక్షక కణాలకు కబురు పంపుతాయి.

కంచె తెగినప్పుడు

అల్సరేటివ్ కొలైటిస్‌లో గాబ్లెట్ కణాలు తగ్గి, జిగురు పూత పలచబడుతుంది. కణాల మధ్య కట్లు వదులవుతాయి. సూక్ష్మజీవులు దగ్గరకు చొరబడతాయి. వాటిని తరమడానికి రక్షక కణాలు గుంపులుగా వచ్చి టిఎన్‌ఎఫ్ వంటి రసాయనాలను వదులుతాయి. ఆ రసాయనాలు కట్లను ఇంకా వదులు చేస్తాయి. చేలో పడిన గొడ్లను తోలడానికి కర్రలతో వచ్చినవారు, గొడ్ల కంటె ఎక్కువగా తామే పైరును తొక్కినట్లుంటుంది. ఆ తొక్కిడిలో పుట్టినవే పుండ్లు, రక్తము.

ఇదంతా ఎందుకు మొదలవుతుంది? ఒక్క కారణం లేదు. పుట్టుకతో వచ్చే జన్యువులు, పేగులోని సూక్ష్మజీవుల మార్పు, తిండి, పరిసరాలు అన్నీ కలిసి పనిచేస్తాయి. క్రోన్స్ వ్యాధితో సంబంధమున్న నాడ్-2 అనే జన్యువును 2001లో కనుగొన్నారు. పొగ త్రాగడం క్రోన్స్ వ్యాధిని ముదిరిస్తుంది. పొగాకు పండించే ప్రకాశం సోదరులు ఈ మాట గుర్తుంచుకోవాలి.

మరి మిరపకాయ? అది ఈ జబ్బును పుట్టిస్తుందని రుజువు కాలేదు. జబ్బు రేగినప్పుడు మంటను, తొందరను పెంచవచ్చు గనుక ఆ రోజులలో కారం తగ్గించాలి, అంతే. దానికంటె ముందు మానవలసినది మరొకటి ఉన్నది. నడుము నొప్పికని, ఒళ్ళు నొప్పులకని కూలివారు కొట్టులో కొని మింగే డైక్లోఫెనాక్, ఇబుప్రొఫెన్ వంటి బిళ్ళలు పేగు పొరను గాయపరుస్తాయి, జబ్బును రేపవచ్చు కూడా.

ఇది పట్నవాసుల జబ్బు, పాశ్చాత్యుల జబ్బు అనుకొనే కాలం పోయింది. తెలంగాణ పల్లెవాసులలోను ఇది కనబడుతున్నదని హైదరాబాదులోని ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీ వైద్యులు 2023లో ప్రకటించారు. మన దేశంలో మరొక చిక్కున్నది. పేగు క్షయ అచ్చం క్రోన్స్ వలె కనబడుతుంది. క్షయ ఉన్నవారికి తెలియక స్టెరాయిడ్లిస్తే ప్రాణం మీదికి వస్తుంది. అందుకే పరీక్ష లేకుండా మందు వాడరాదు.

మన తెలుగువాడి బిళ్ళ

సహోదరికి సల్ఫాసలజీన్ మందుతో పాటు ఒక చిన్న పచ్చని బిళ్ళ వ్రాశారు. అది ఫోలిక్ ఆమ్లము. ఆ పెద్ద మందు ఈ విటమిన్‌ను ఒంటబట్టనివ్వదు. పేగు పొర వలె త్వరత్వరగా కొత్తవవుతుండే కణాలకు ఇది లేకుండా జరగదు. 1895లో భీమవరంలో జన్మించిన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారి ఇద్దరు సోదరులు స్ప్రూ అనే జబ్బుతో మరణించారు. అది ఐబిడి కాదు గాని, అందులోను చిన్నపేగు లోపలి పొరే పాడవుతుంది, తిన్నది ఒంటబట్టదు. అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నడిపించిన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది. అది స్ప్రూ రోగులకు మందయినది. ఈ సంగతి చెప్పినప్పుడు మా సహోదరి ఆ బిళ్ళను అరచేతిలో పెట్టుకొని చాలాసేపు చూచింది.

రక్తం ఆగితే చాలదు

మూడు నెలలకు రక్తం ఆగింది. మందుల ఖర్చెందుకని ఆమె మానివేసింది. మరుసటి కోతలకు జబ్బు తిరగబెట్టింది. "రక్తం ఆగింది గాని కంచె ఇంకా అతుకుకోలేదమ్మా" అన్నారు డాక్టరుగారు. ఇప్పుడు వైద్యుల గురి బాధ తగ్గడం మీద మాత్రమే కాదు, లోపలి పొర మానడం మీద. దానిని గొట్టంతో చూసిగాని, మలంలో కాల్‌ప్రొటెక్టిన్ పరీక్షతో గాని తెలుసుకొంటారు. ఈ జబ్బుకు పూర్తి నయం లేకపోయినా అదుపు ఉన్నది. బిళ్ళలకు లొంగని వారికి ఇన్‌ఫ్లిక్సిమాబ్ వంటి సూదులున్నవి. పెద్దపేగు జబ్బు ఏళ్ళ తరబడి ఉంటే క్యాన్సర్ భయమున్నది. గనుక ఎనిమిదేళ్ళు నిండినవారు డాక్టరు చెప్పిన ప్రకారం కొలనోస్కోపీ చేయించుకోవాలి.

ప్రియులారా, పన్నెండేండ్లు రక్తస్రావంతో బాధపడి, ఉన్నదంతా వైద్యులకు పెట్టి, గుంపులో వెనుకనుండి చాటుగా వచ్చిన స్త్రీని మనమెరుగుదుము. ఆమెను ప్రభువు సిగ్గుపరచలేదు. గుంటూరుకు 1883లో వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్ స్త్రీల వైద్యం కొరకు కట్టించిన ఆసుపత్రి 1898లో తెరచినది మొదలు, మన స్త్రీలకు తమ బాధ చెప్పుకొనే చోటు దొరికింది. అయినను ఇంకా ఎందరో దాచుకొంటున్నారు. మీ ఇంటిలో ఎవరికైనా రెండు మూడు వారాలకు మించి విరేచనాలుంటే, రక్తము పడితే, ఒళ్ళు తగ్గిపోతుంటే, మొలలని సరిపెట్టుకోకండి. ఏ పాపమని అడగకండి. ఆసుపత్రికి వెంటబెట్టుకొని వెళ్ళండి.

మొన్న కోతల కాలంలో ఆ సహోదరి కల్లంలో తొడిమలు తీస్తూ కనబడింది. మమ్మును చూచి కొంగుముడి విప్పి చూపించింది. అందులో మధ్యాహ్నపు బిళ్ళలున్నవి.