బొమ్మ ఇటుకలతో మహాజంతువులు

పిల్లల ముందు లెగో ఇటుకలు పోసి ఏనుగును కట్టమంటే వాళ్లు ఎవరినీ ఏమీ అడగరు. తొండం ఎక్కడుండాలో, చెవులెంత ఉండాలో వాళ్లకు తెలుసు. అదే డైప్రోటోడాన్‌ను కట్టమని చూడండి. అదెలా ఉంటుందని తప్పకుండా అడుగుతారు. దాన్ని కళ్లారా చూసిన మనుషులు పోయి నలభై వేల ఏళ్లు దాటింది. మిగిలినవి ఎముకలు. ఆ ఎముకలను ఆధారం చేసుకుని ఇటుక మీద ఇటుక పేర్చి ఆ జంతువును బల్ల మీద నిలబెట్టడం మంచి కాలక్షేపం. అయితే ఎముక ఎంతవరకు చెప్పింది, మనమెక్కడినుంచి కల్పిస్తున్నాం అన్న లెక్క అడుగడుగునా చూసుకోవాలి. ఈ ఆటలో రసమంతా అక్కడే ఉంది.

ఆస్ట్రేలియా సంచిజంతువులకు పుట్టిల్లులాంటి దేశం. బిడ్డను పూర్తిగా ఎదగకుండానే కని, పొట్టమీది సంచిలో పెట్టుకుని పెంచే జంతువులివి. మనందరికీ తెలిసినది కంగారూ. ఆ పేరు అక్కడి ఆదివాసుల గుగు యిమితిర్ భాషలోది. 1770లో కెప్టెన్ కుక్ ఓడవాళ్లు ఎండెవర్ నది ఒడ్డున విని రాసుకున్నారు. మన ‘కంగారు’కూ దానికీ ఏ చుట్టరికమూ లేదు సుమా! తెలుగు పాఠాలు చెప్పుకునేవాణ్ణి కనుక ఈ మాట చెప్పకుండా ముందుకు పోలేను.

ఆ సంచిజంతువులన్నిటిలోకీ పెద్దది డైప్రోటోడాన్. బరువు రెండున్నర టన్నులకు పైమాటే. 1838లో ఇంగ్లండులో రిచర్డ్ ఓవెన్ అనే శాస్త్రజ్ఞుడు, న్యూ సౌత్ వేల్స్‌లోని వెల్లింగ్టన్ గుహలనుంచి వచ్చిన దవడ ముక్క చూసి దీనికి పేరు పెట్టాడు. ముందుకు పొడుచుకు వచ్చిన రెండు పళ్లు అని ఆ పేరుకు అర్థం. ఆ తరువాత 1893లో దక్షిణ ఆస్ట్రేలియాలో కాలబొన్నా అనే ఎండిపోయిన ఉప్పుసరస్సును అడిలైడ్ మ్యూజియంవారు తవ్వితే, బురదలో దిగబడి చచ్చిన జంతువుల అస్థిపంజరాలు ఎన్నో బయటపడ్డాయి. పాదాల ఎముకలు సయితం చెదరకుండా దొరకడం అక్కడి విశేషం.

హైదరాబాదు బిర్లా సైన్సు మ్యూజియంలో, మన ప్రాణహిత–గోదావరి లోయలో దొరికిన కోటాసారస్ అస్థిపంజరాన్ని చూసినవారు దీన్ని కూడా ఆ జాబితాలో చేర్చేస్తారేమో. అది కోట్ల ఏళ్లనాటి రాక్షసిబల్లి. డైప్రోటోడాన్ దాని పక్కన నిన్నమొన్నటిది.

ఇక ఇటుకల సంగతి. డెన్మార్కులోని బిల్లుండ్ అనే ఊళ్లో వడ్రంగి ఓలే కిర్క్ క్రిస్టియన్‌సెన్ పెట్టిన బొమ్మల కంపెనీ లెగో. ఇప్పుడున్న తీరు ఇటుకకు 1958 జనవరిలో పేటెంటు దరఖాస్తు పెట్టారు. ఎనిమిది బొడిపెల ఇటుకలు ఒకే రంగువి ఆరు ఇస్తే, వాటిని 91,51,03,765 రకాలుగా కలపవచ్చునని లెక్క తేల్చారు. ఇన్ని విధాలున్నా ఇటుకకు ఒంపు మాత్రం లేదు. కొండపల్లి బొమ్మ చేసేవాడి ఉలి కర్రలో ఏనుగు కుంభస్థలాన్ని గుండ్రంగా తీయగలదు. ఇక్కడ గుండ్రమంతా మెట్లు మెట్లుగా రావలసిందే.

ముందు కొలత నిర్ణయించుకోవాలి. ఇరవయ్యో వంతు పెట్టుకుంటే అన్ని విధాలా అనుకూలం. డైప్రోటోడాన్ భుజం దగ్గర ఎత్తు సుమారు 180 సెంటీమీటర్లు. అది బల్ల మీద 9 సెంటీమీటర్లవుతుంది. ఇటుక ఎత్తు 9.6 మిల్లీమీటర్లు, అందులో మూడోవంతు మందాన పలక ఉంటుంది. అంటే తొమ్మిది ఇటుకలు, పైన ఒక పలక. పొడవు మూడు మీటర్లనుకుంటే 19 బొడిపెలు. బొడిపెకూ బొడిపెకూ మధ్య దూరం 8 మిల్లీమీటర్లు కనుక, అయిదు పలకలు దొంతరగా పెడితే సరిగ్గా రెండు బొడిపెల వెడల్పు వస్తుంది. ఈ ఒక్క కిటుకు తెలిస్తే పక్కకు బొడిపె ఉన్న ముక్కలు వాడి, పొట్ట ఉబ్బునూ దవడ బుగ్గలనూ అడ్డంగా అతికించుకోవచ్చు.

కాళ్లు స్తంభాల్లా నిలబెట్టేస్తే అది ఏనుగవుతుంది. దీని పాదాలు లోపలికి తిరిగి ఉండేవని ఎముకలు చెబుతున్నాయి. కాబట్టి అడుగున తిరిగే పలక వేసి పాదాన్ని కాస్త లోపలికి మళ్లించాలి. తోక పొట్టిది, రెండు ముక్కలతో సరి. తల మాత్రం పెద్దది. ఆ కపాలం లోపల మెదడుకన్నా గాలి గదులే ఎక్కువ. కట్టేవారికిది కలిసివచ్చే సంగతి. తలను బోలుగా కట్టండి. లేకపోతే మెడ దగ్గర ఊడి బల్ల మీద పడుతుంది.

ముక్కు దగ్గరికి వచ్చేసరికి ఎముక మౌనం వహిస్తుంది. రంధ్రం పెద్దదని తెలుసు, దాని మీద కండ ఎంత ఉండేదో తెలియదు. చెవులూ అంతే, రంగూ అంతే. నేనైతే చెవులు చిన్నవిగా పెట్టి, తెలిసిన భాగాలన్నిటికీ ఒక రంగు, ఊహించినవాటికి మరొక రంగు వాడమంటాను. చూడడానికి బొంతలా ఉంటుందని ఇంట్లోవాళ్లు అనవచ్చు, అననివ్వండి.

ఊహ తలకిందులు కావడానికి థైలకోలియో కథ చూడండి. పొట్టసంచి సింహం అని ఓవెన్ పెట్టిన పేరు. అది క్రూర మాంసాహారి అని ఆయన వాదం. కాదు పొమ్మన్నాడు సిడ్నీ మ్యూజియం అధికారి గెరార్డ్ క్రెఫ్ట్. చివరికి ఓవెన్ మాటే నిలిచింది. అయితే దాని తోక పూర్తిగా ఎలా ఉండేదో చాలాకాలం ఎవరికీ తెలియలేదు. 2018లో వెలువడిన పరిశోధన ఆ లోటు తీర్చింది. బిర్రుగా ఉండే ఆ తోకను నేలకు ఆనించి, వెనక కాళ్లతో కలిపి ముక్కాలిపీటలా కూర్చుని, ముందరి చేతులు రెండూ ఖాళీ చేసుకునేదట. బొమ్మ కట్టేవారికి అంతకన్నా ఏం కావాలి? కూర్చున్న భంగిమలో వెనక్కి పడిపోయే బొమ్మ, తోక ఆనిస్తే నిలుస్తుంది. బొటనవేలి పెద్ద గోరు మరవవద్దు.

పొట్టిమొగం కంగారూ ప్రోకాప్టోడాన్ నిలబడితే రెండు మీటర్లు, అంటే పది ఇటుకలూ ఒక పలకా. వెనక పాదానికి ఒక్కటే వేలు. ఈ కోవ కంగారూలు మెల్లగా పోయేటప్పుడు గెంతక, ఒక కాలు తరువాత ఒక కాలు వేసి నడిచేవని 2014లో కొందరు శాస్త్రజ్ఞులు రాశారు. ఆ మాట నచ్చితే ఒక కాలు ముందుకు పెట్టండి.

ఇవన్నీ ఎందుకు పోయాయి? మనిషి వేటాడి చంపాడని కొందరు, ఎండలు ముదిరి నీళ్లింకిపోయాయని కొందరు, ఇంకా వాదిస్తూనే ఉన్నారు. అందుకే బొమ్మ పక్కన మనిషిని పెట్టడంలోనే అసలు చిక్కు. లెగోవారి నవ్వుమొగం మనిషి నాలుగు సెంటీమీటర్లే. ఈ కొలతలో ఏడాది నిండిన పిల్లవాడంత. వేరే మనిషిని, ఎనిమిదిన్నర ఇటుకల ఎత్తున కట్టుకోవాలి. మనిషిని పెట్టడం న్యాయమే. ఫ్లిండర్స్ కొండల్లో వారాట్యి అనే రాతిచాటున, మనుషులు వాడిన పనిముట్లతోపాటు డైప్రోటోడాన్ ఎముక దొరికిందని 2016లో ప్రకటించారు. కాని దాన్ని ఈటెతో పొడిచి చంపారని అందరూ ఒప్పుకునే గుర్తు ఒక్క ఎముక మీదా ఇంతవరకు కనిపించలేదు.

పిల్లలు ఆ మనిషి చేతికి ఈటె ఇద్దామంటారు, తప్పకుండా అంటారు. ఈటె ముక్కను పారేయకుండా పెట్టెలో ఒక పక్కన దాచండి. అలాంటి ఎముక దొరికిననాడు తీసి చేతికివ్వవచ్చు.