రెజిన్ ఇంజెక్షన్ వాల్వులు: శూన్యత, పీడన లీకుల పరీక్ష

ఉద్దేశాలు

ఈ భాగం చదివిన తరువాత మీరు:
• ఒకే వాల్వుకు రెండు పరీక్షలు ఎందుకు అవసరమో వివరించగలుగుతారు.
• శూన్యత పరీక్ష నుంచి లీకు రేటును లెక్కకట్టగలుగుతారు.
• పీడన పరీక్షలో పాటించవలసిన జాగ్రత్తలు చెప్పగలుగుతారు.

1. పరిచయం

గాలిమర రెక్కల వంటి వస్తువుల తయారీలో మూసిన అచ్చులో పొడి గాజు నారను పేర్చి, గాలిని పంపుతో తీసివేసి, ద్రవరూప రెజిన్‌ను లోపలికి పంపుతారు. ఆ ప్రవాహాన్ని తెరిచి మూసేది ఇంజెక్షన్ వాల్వు. గాలిని తీసేటప్పుడు అది బయటి గాలిని రానీయకూడదు; రెజిన్‌ను తోసేటప్పుడు రెజిన్‌ను బయటికి పోనీయకూడదు. గాలి చొరబడితే వస్తువులో బుడగలు మిగిలిపోతాయి. రెజిన్ గట్టిపడిన తరువాత వాటిని తొలగించలేము. వస్తువు బలం తగ్గుతుంది.

2. ఒక పరీక్ష చాలదా?

చాలదు. ఎంత మంచి పంపు వాడినా శూన్యత పరీక్షలో వాల్వుపై పడే పీడన భేదం సుమారు 1 బార్ మించదు. అది బయటి నుంచి లోపలికి పనిచేస్తుంది. పీడన పరీక్షలో దిశ తారుమారవుతుంది, పరిమాణం కూడా పెరగవచ్చు. పెదవి ఆకారపు సీలు ఒక దిశలో పీడనం పడితే బిగుసుకుంటుంది, ఎదురు దిశలో పడితే వదులవుతుంది. అందువల్ల ఒక పరీక్షలో నెగ్గిన వాల్వు రెండోదానిలో విఫలం కావచ్చు.

3. శూన్యత పరీక్ష

ముందుగా వాల్వు స్థానంలో మూత బిగించి, గేజి, గొట్టాలలో లీకు లేదని నిర్ధారించుకోండి. తరువాత వాల్వును అమర్చి, గాలిని తీసి, పంపు వైపు దారిని మూసి, గేజిని గమనించండి.

లీకు రేటు = ఘనపరిమాణం × పీడనంలో పెరుగుదల ÷ కాలం

ఉదాహరణ: ఘనపరిమాణం 2 లీటర్లు. 5 నిమిషాలలో పీడనం 5 నుంచి 8 మిల్లీబార్లకు పెరిగింది. లీకు రేటు = 2 × 3 ÷ 300 = సెకనుకు 0.02 మిల్లీబార్-లీటర్లు. అంకె చిన్నదే. కాని ఇదే లీకు 40 నిమిషాలు కొనసాగితే 48 మిల్లీబార్-లీటర్ల గాలి చేరుతుంది. వాతావరణ పీడనం వద్ద అది దాదాపు 47 మిల్లీలీటర్లు, అంటే చిన్న టీ గ్లాసులో సగం.

పీడనం పెరిగిన ప్రతిసారీ లీకు ఉన్నట్లు కాదు. లోపలి తడి, మిగిలిన ద్రావణి ఆవిరైనా పీడనం పెరుగుతుంది. ఆ పెరుగుదల క్రమంగా నెమ్మదించి ఆగిపోతుంది. నిజమైన లీకులో పెరుగుదల ఒకే వేగంతో సాగుతుంది. కాబట్టి రెండు రీడింగులతో సరిపెట్టక, నిమిషానికొకటి చొప్పున నమోదు చేయండి.

4. పీడన పరీక్ష

దీనిని రెండు దశలలో చేయాలి. మొదట వాల్వును తెరిచి, చివరలను మూసి, పొడి గాలి నింపి, కీళ్లపై సబ్బు నీళ్లు పూయండి. బుడగలు వస్తే లీకు బయటికి ఉన్నట్లు. తరువాత వాల్వును మూసి, ఒక వైపు గాలి పెట్టి, రెండో వైపు గొట్టపు కొనను నీటిలో ముంచండి. బుడగలు వస్తే లోపలి సీటు సరిగా మూసుకోవడం లేదు.

గేజిని చూసేటప్పుడు ఉష్ణోగ్రతను కూడా రాసుకోండి. గేజిపై 3 బార్లు అంటే నిరపేక్ష పీడనం సుమారు 4 బార్లు. 30 డిగ్రీల సెల్సియస్ వద్ద ఉన్న గాలి 3 డిగ్రీలు వేడెక్కితే పీడనం దాదాపు 1 శాతం, అంటే 40 మిల్లీబార్లు పెరుగుతుంది. చిన్న లీకును ఈ పెరుగుదల కప్పిపుచ్చగలదు.

హెచ్చరిక: నొక్కిన గాలిలో శక్తి నిలువ ఉంటుంది. వాల్వుకు నిర్ణయించిన గరిష్ఠ పీడనాన్ని దాటకండి. రక్షక తెర వెనుక నిలబడండి. పీడనం ఉండగా ఏ కీలునూ బిగించకండి, విప్పకండి.

5. సారాంశం

రెండు పరీక్షలలోనూ నెగ్గిన వాల్వునే అచ్చుకు బిగించాలి. విఫలమైతే ముందుగా సీటుపై గట్టిపడిన రెజిన్ కోసం, తరువాత ఓ-రింగుల కోసం చూడండి. అసిటోన్ తగిలితే నైట్రైల్ రబ్బరు ఓ-రింగులు ఉబ్బి పాడవుతాయి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. 3 లీటర్ల ఘనపరిమాణంలో 10 నిమిషాలలో పీడనం 4 మిల్లీబార్లు పెరిగితే లీకు రేటు ఎంత?
2. ఆవిరి వల్ల కలిగే పెరుగుదలను లీకు నుంచి ఎలా వేరు చేస్తారు?