శీతకాలమున డీజిలు కారులో వెచ్చదనము

లంబసింగి, అరకు ప్రాంతములందు పుష్యమాసపు వేకువలు మిక్కిలి చల్లనివి. ఆ వేళ డీజిలు కారులో సంతకు బయలుదేరు రైతులు, ఇంజను ఎంతసేపు తిరిగినను లోపల వెచ్చబడకుండుట గమనించియే యుందురు. దీనికి కారణమును, ఉపాయమును ఇచట తెలుపుచున్నాము.

కారులోనికి వచ్చు వేడి, ఇంజనును చల్లార్చు నీటినుండి లభించునదే. డీజిలు ఇంజను ఇంధనపు వేడిని పెట్రోలు ఇంజనుకంటె ఎక్కువగా పనికి మార్చుకొనును. కావున నీటికి చేరు వేడి తక్కువ. బండిని నిలిపి త్రిప్పినచో మఱియు తక్కువ. అందుచే నిలిపి కాచుటకంటె మెల్లగా నడుపుటయే మేలు. నీరు వేడెక్కువఱకు పంకాను మందముగా నుంచి పిదప పెంచవలెను. అద్దమునకు ఆవిరి పట్టినచో బయటి గాలిని దానిమీదికి మరల్పవలెను. చూపు స్పష్టము గానిదే బండిని కదల్పరాదు.

అరగంట నడచినను వెచ్చబడనిచో థర్మోస్టాటు మూసికొనుట లేదేమో, రేడియేటరు నీరు తగ్గినదేమో మెకానిక్కుచే చూపింపవలెను. ఇంజను వేడిగా నున్నపుడు రేడియేటరు మూత తీయరాదు.

అన్నిటికంటె ముఖ్యమైనది, తలుపులు మూసిన షెడ్డులో ఇంజనును త్రిప్పియుంచరాదు. పొగలోని కార్బన్ మోనాక్సైడునకు రంగును, వాసనయు లేవు. అది తెలియకుండగనే ప్రాణము తీయును. కొంతసేపు కంబళి కప్పుకొని చలి నోర్చుటయే క్షేమమని మనవి చేయుచున్నాము.