36 మొక్కలు - ఎన్ని వరుసలు?

ఒక ఊళ్ళో పొదుపు సంఘం ఆడవాళ్ళు బడి వెనక ఖాళీ జాగాలో వంగతోట వేయాలనుకున్నారు. 36 మొక్కలు తెచ్చారు. ఒక్కో మొక్కకు గజం పొడవు, గజం వెడల్పు జాగా కావాలి.

పోయిన ఏడు కూడా 36 మొక్కలే వేశారు. 3 వరుసలు, వరుసకు 12 మొక్కలు. సంఘం దగ్గర 25 గజాల వల ఉంది. దాన్ని చుట్టూ కంచెగా కట్టారు. కానీ చాల్లేదు. ఒక పక్క సందు ఉండిపోయింది. ఆ సందులోంచి మేకలు దూరాయి. ఒక్క మొక్క మిగల్లేదు. పడిన కష్టమంతా మేకల పాలయింది.

"ఈసారి ఇంకో 5 గజాల వల కొనాల్సిందే" అంది ఒక అత్త.

ఆమె కోడలు రాత్రి బడిలో లెక్కలు నేర్చుకుంది. "ఆగు అత్తా, ముందు వరుసలు మార్చి చూద్దాం" అని పలక తీసింది.

ఏ రెండు సంఖ్యలను గుణిస్తే 36 వస్తుంది? అదీ లెక్క. అలాంటి రెండు సంఖ్యలను ఒక జత అందాం. జతలన్నీ దొరకాలంటే వరస తప్పకూడదు. 1తో మొదలుపెట్టాలి. 36ను 1తో, 2తో, 3తో భాగించుకుంటూ పోవాలి. శేషం మిగలకపోతే జత దొరికినట్టే. శేషం మిగిలితే ఆ సంఖ్యను వదిలేయాలి.

1 × 36 = 36
2 × 18 = 36
3 × 12 = 36
4 × 9 = 36
5తో కుదరదు. 5 ఏడులు 35. ఒకటి మిగిలిపోతుంది.
6 × 6 = 36

తర్వాత 7, 8 కుదరవు. 9 కుదురుతుంది. 9 × 4 = 36. కానీ ఈ జత ముందే వచ్చింది కదా! 4 × 9 అన్నా, 9 × 4 అన్నా ఒకటే.

ఎందుకిలా? ఎడమ పక్క సంఖ్య పెరుగుతూ పోతుంది. కుడి పక్క సంఖ్య తగ్గుతూ వస్తుంది. రెండూ 6 దగ్గర కలుసుకున్నాయి. ఆ తర్వాత పాత జతలే తిరగబడి వస్తాయి. కనుక అక్కడ ఆపేయవచ్చు. 36కు ఉన్నవి ఈ 5 జతలే.

ఇప్పుడు కంచె లెక్క చూడండి. రెండు పొడవులు, రెండు వెడల్పులు కలిపితే చుట్టుకొలత వస్తుంది.

1 వరుస, 36 మొక్కలు: 74 గజాలు
2 వరుసలు, 18 మొక్కలు: 40 గజాలు
3 వరుసలు, 12 మొక్కలు: 30 గజాలు
4 వరుసలు, 9 మొక్కలు: 26 గజాలు
6 వరుసలు, 6 మొక్కలు: 24 గజాలు

మొక్కలు అవే. జాగా అంతే. కానీ కంచె ఎంత తేడా! జతలోని రెండు సంఖ్యలు దగ్గరయ్యేకొద్దీ కంచె తగ్గింది. 4 వరుసలు వేస్తే ఒక్క గజం తక్కువ పడేది. 6 వరుసలు వేశారు. ఉన్న వలే సరిపోయింది. ఒక గజం మిగిలింది కూడా. పైసా ఖర్చు కాలేదు.

జతలోని సంఖ్యలను కారణాంకాలు అంటారు. కొన్ని సంఖ్యలకు జతలు ఎక్కువ. డజను అంటే 12. దానికి 1 × 12, 2 × 6, 3 × 4 అని మూడు జతలు. అందుకే డజను అరటిపండ్లను ఇద్దరికైనా, ముగ్గురికైనా, నలుగురికైనా, ఆరుగురికైనా కోయకుండా సమంగా పంచవచ్చు. 13 పండ్లుంటే అలా కుదరదు. 13కు 1 × 13 ఒక్కటే జత. ఇలా 1, తానూ తప్ప వేరే కారణాంకాలు లేని సంఖ్యను ప్రధాన సంఖ్య అంటారు. 2, 3, 5, 7, 11 కూడా అలాంటివే. 1ని మాత్రం ఇందులో కలపరు.

మీరూ చేసి చూడండి:
20, 24, 29 - వీటి జతలన్నీ రాయండి. 20కి 3 జతలు, 24కు 4 జతలు, 29కి ఒక్క జత వస్తే మీ లెక్క సరే.